పంచింది నేను, ఎంచుకుంది ఆమె

విడిపోయేటప్పుడు నా భార్య చేపల చెరువు మొత్తం రాయించుకుని నన్ను ఒట్టి గోడలతో వదిలేసిందని మావాళ్ళు అనుకున్నారు. చాలాకాలం నేనూ కాదనలేదు. జరిగింది వేరు.

మా ఇద్దరి పేర్ల మీదా ఉన్నవి రెండే: తాడేపల్లిగూడెంలో ఇల్లు, కలిదిండి దగ్గర చెరువు. ఏలూరులో మా ఆఫీసు దగ్గర ఒక ఫ్లాట్ చూసుకుని అడ్వాన్స్ ఇచ్చాను. ఉమ్మడి ఆస్తి సంగతి తేలితేనే లోను అన్నారు బ్యాంకువాళ్ళు. ఇల్లు నాకొస్తే వెంటనే అమ్ముకోవచ్చు. చెరువు అలా కాదు. ఆ ఏడు చేపలకు ఒంటికి అంటుకుని రక్తం పీల్చే పేను పట్టింది, పంట పోయినట్టే. ఆ సంగతి ఆమెకు తెలియదనుకున్నాను. స్కూల్లో లెక్కలు చెప్పే మనిషి, గట్టు మీదికి ఎప్పుడూ వచ్చింది కాదు.

మాట్లాడుకోవడానికి భీమడోలులో వాళ్ళన్నయ్య ఇంట్లో కూర్చున్నాం. మా వైపు ఆనవాయితీ ప్రకారం వాటాలు వేసినవాడు చివర తీసుకోవాలి. వాటాలు నేనే వేస్తానన్నాను. ఇంటి స్లాబు కారుతుందనీ, వానొస్తే మురుగుకాలవ పొంగుతుందనీ ఒకటికి రెండుసార్లు చెప్పాను. చెరువుని మాత్రం తెగ పొగిడాను.

"ఇంత బంగారంలాంటి చెరువుని మీరెలా వదులుకుంటారండీ బావగారూ? మీది మరీ వెన్నలాంటి మనసండీ," అన్నాడు వాళ్ళన్నయ్య, నవ్వు ఆపుకుంటూ.

"చెరువు నాకండి," అంది ఆమె.

నేను బాధపడ్డట్టు తలవంచుకున్నాను.

రిజిస్ట్రార్ ఆఫీసు వరండాలో మా వంతు కోసం కూర్చున్నప్పుడు ఉండబట్టలేక అడిగాను. "చెరువే ఎందుకు తీసుకున్నావు?"

"మీరంతలా పొగిడారు కదండీ."

ఇక దాచలేకపోయాను. "చేపలకి పేను పట్టింది."

"తెలుసండి. మీరు వాటాలు వేసే ముందు ఆదివారమే బస్సెక్కి వెళ్ళి చూశాను. కాపలా ఆయన వలేసి చూపించాడు. శీలావతి చేపల ఒంటినిండా పేనే."

"తెలిసీ తీసుకున్నావా?"

"చెరువైతే నీళ్ళు తోడేసి, అడుగు నెర్రెలిచ్చేదాకా ఎండగట్టి, సున్నం జల్లి మళ్ళీ నింపుకోవచ్చంటండి. ఇంటిని ఎలా ఎండగడతాం?"

లోపల్నుంచి మా పేర్లు పిలిచారు. ఆమె ముందు లేచి వెళ్ళి సంతకం పెట్టింది.

ఇల్లు అమ్మాను, ఫ్లాట్ కొన్నాను. గృహప్రవేశం నాడు భోజనాల దగ్గర మా అక్క మళ్ళీ మొదలుపెట్టింది. "అంతా ఊడ్చుకుపోయింది గానీ, లేకపోతే నీకీ లోను ఖర్మేంటిరా?"

"అలా అనకక్కా. వాటాలు వేసింది నేను. పేను పట్టిన సంగతి దాచి ఆ చెరువు అంటగట్టింది నేను."

అక్క కలుపుతున్న ముద్ద ఆపింది. "ఆ పిల్లకి తెలీదా?"

"తెలుసు."

"తెలిసి తెలిసి పాడు చెరువు తీసుకుని, పక్కా ఇల్లు వదులుకుంటారుట్రా ఎవరైనా?"

"ఆ ఇంట్లో తను నాతో కాపురం చేసింది కదక్కా," అన్నాను.