మునిశేఖర్ మొక్కు

పాకాల చుట్టుపక్కల మునిశేఖర్‌ను ఎరగనివాళ్లు ఉంటారేమో గానీ, ఆయన తోలే జీపును ఎరగనివాళ్లు లేరు. పదహారేళ్లుగా దాని ముందుసీటు ధనంజయది. సర్పంచిగా గెలిచిన ఏడు దాన్ని పాతదే కొన్నాడాయన. మండలాధ్యక్షుడైనా, తర్వాత ఎమ్మెల్యే అయినా జీపునూ మార్చలేదు, డ్రైవర్నీ మార్చలేదు. ఏ ఊళ్లో బోరు ఎండిందో, ఏ ఇంట్లో పెళ్లో దారిలో మునిశేఖరే చెప్పేవాడు. జీపు దిగేసరికి ధనంజయ ఆ ఇంటివాళ్లను పేరుపెట్టి పలకరించేవాడు.

2004లో మంత్రుల జాబితాలో ధనంజయ పేరుందని హైదరాబాదు నుంచి ఫోనొచ్చింది. ఇల్లంతా సందడి. మునిశేఖర్ మాత్రం తుడిచిన జీపునే మళ్లీ తుడుస్తున్నాడు. మంత్రికి సర్కారు కారొస్తుంది, దాంతో సర్కారు డ్రైవరూ వస్తాడు. తన పని ఉంటుందో ఊడుతుందో తెలియదు. పైగా చెప్పాల్సిన మాట ఒకటుంది. చెబితే ఉన్న కాస్త ఆశా పోతుంది. చెప్పకపోతే కొండమీది స్వామి ఊరుకోడు.

ధనంజయ భార్య జ్ఞానాంబ కాఫీ తెచ్చింది.

"ఏమప్పా, అందురూ నగతావుంటే నువ్వు అట్లుండావు?"

"తప్పు చేసినానక్కా. అన్న మంత్రి అయితే తలనీలాలిస్తామని స్వామికి మొక్కినాను."

"ఇయ్యి, దానికేమి?"

"నావి కాదక్కా. అన్నవి."

జ్ఞానాంబ నవ్వు ఆపుకోలేక గ్లాసు కింద పెట్టేసింది. యాభై దాటినా ఒక్క వెంట్రుక తెల్లబడని ఆ జుట్టూ, మెలితిప్పిన ఆ మీసమూ లేకుండా ధనంజయ పోస్టరు ఒక్కటీ పడలేదు. నవ్వు విని ఆయనే బయటికొచ్చాడు. సంగతి తెలిసి తల తడుముకున్నాడు.

"నాదెందుకురా? నీది మొక్కొచ్చు గదా?"

మునిశేఖర్ తలకు చుట్టిన తువ్వాలు విప్పాడు. నున్నటి బట్టతల ఎండకు మెరిసింది.

"ఈడేముండాదన్నా, మొక్కేదానికి?"

"నన్నొక మాట అడగల్లేదేం?"

"అడిగితే నువ్వు ఒప్పుకోవు గదన్నా."

ధనంజయ లోపలికి పోయాడు. మర్నాడు హైదరాబాదుకు రైలెక్కేదాకా ఆ మాటే ఎత్తలేదు.

పదిరోజుల తర్వాత మంత్రిగారు తిరుమల కళ్యాణకట్టలోంచి గుండుతో, మీసం లేకుండా, తలకు చందనం పూసుకుని వచ్చారు. సర్కారు డ్రైవరు కారు వెనకతలుపు తెరిచి నిలబడ్డాడు. మంత్రి అటు చూడకుండా, మునిశేఖర్ పాకాల నుంచి తోలుకొచ్చిన జీపు ముందుసీట్లో నేరుగా కూర్చున్నాడు. పీఏ గిరిప్రసాద్ పరుగెత్తుకొచ్చాడు.

"సార్, మన కారు అది!"

"దాన్ని ఎనకాల రమ్మను. చెప్పకుండా నా జుట్టు మొక్కినోడు వీడు. వదిలిపెడితే రేపు ఇంకేం మొక్కుతాడో! నా కండ్లముందరే ఉండల్ల."

మునిశేఖర్ తలకు చుట్టిన తువ్వాలు తీసి భుజాన వేసుకుని, మీసం దువ్వుకుని తాళంచెవి తిప్పాడు.

పాకాలలో టపాకాయలు మోగాయి. వార్డు మెంబరుగా పోటీచేసి ఓడిన భారతమ్మ గజమాలంత దండతో జీపుకు అడ్డమొచ్చింది. లోపల రెండు గుండ్లు. ఒక్క క్షణం తటపటాయించి, దండ తీసుకెళ్లి మునిశేఖర్ మెడలో వేసేసింది. జనం గొల్లుమన్నారు.

"మీసం సూసి ఏసినానప్పా! మాయన్నకు మీసముండాది గదా!" అని ఆమె ముఖం చెంగులో దాచుకుంది.

మునిశేఖర్ కంగారుగా దండ తీయబోయాడు. మంత్రి చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఉండనీరా. ముందర దారి సూసి తోలు. ఇప్పుడు ఎవురింటికి?"

"శాంతయ్యన్న ఇంటికన్నా. కూతురి పెండ్లి. పాప పేరు మహిత," అన్నాడు మునిశేఖర్, గేరు మారుస్తూ.