చేప ముక్కున మైనం బొట్టు

చదువుకున్న మనిషి నాలుగేళ్లు కష్టపడి తయారుచేసిన యంత్రాన్ని పావలా బిళ్లంత బొట్టుతో మూగదాన్ని చేసిన ఘనుణ్ణి నేను. ఇది గొప్పగా చెప్పుకునే సంగతి కాదని నాకూ తెలుసు. కానీ మా ఇంటికి ఎవరొచ్చినా కాఫీతో పాటు నా భార్య ఈ కథ కూడా వడ్డిస్తోంది. ఆవిడ కలిపే మసాలా లేకుండా జరిగింది జరిగినట్టు నేనే రాసేస్తే మేలనిపించింది.

ఎనభైల మొదట్లో మాట. మాది జూలూరుపాడు. ఖమ్మంలో బీఎస్సీ ఫిజిక్స్ పూర్తిచేసి, ఊళ్లో నన్ను మించిన తెలివిగలవాడు లేడన్న నమ్మకంతో ఖాళీగా తిరుగుతున్నాను. అప్పుడు విశాఖ నుంచి మూర్తి గారనే ఇంజనీరు తాను తయారుచేసిన యంత్రాన్ని పట్టుకుని దుమ్ముగూడెం వచ్చారు. మా కాలేజీ లెక్చరరు ఆయన స్నేహితుడు. సాయానికి నన్ను పంపింది ఆ లెక్చరరే.

యంత్రమంటే మనిషంత పొడవు ఇనుప గొట్టం. రెండు పక్కలా చిట్టి రెక్కలు, వెనక తోక. కేబుల్ కట్టి ఓడ వెనక లాగితే సముద్రంలో మునుగుతూ లేస్తూ పోతుంది. ఎంత లోతున నీళ్లు ఎంత చల్లగా ఉన్నాయో పైకి కబురు పంపుతుంది. పైన ఒక పెట్టెలో కాగితం చుట్ట తిరుగుతుంటే పెన్ను గీత గీస్తుంది. యంత్రం కిందికి దిగితే గీత దిగాలి, పైకొస్తే ఎక్కాలి. మేమంతా దాన్ని చేప అనేవాళ్లం. సముద్రంలో కేబుల్ తెగితే ఇక దాని మీద ఆశ వదులుకోవడమే. అందుకని, తెగినా వెతికి తీయగల నీళ్లలో ముందు పరీక్ష చెయ్యాలి. ఆనకట్టకు పైన గోదావరి లోతుగా, నిలకడగా ఉంటుంది కనుక ఆయన మా వైపు వచ్చారు.

"శనివారం మధ్యాహ్నం లోపు మంచి గీత రావాలి సత్యం," అన్నారు మూర్తి గారు వచ్చిన రోజే. "ఆ కాగితంతో మూడింటి బస్సెక్కాలి. లేకపోతే ఓడలో మన చోటు ఇంకొకరికి ఇచ్చేస్తారు."

"వస్తే, సార్?"

"వస్తే చేపతో పాటు ఒక అసిస్టెంటుని కూడా తీసుకెళ్తాను. వస్తావా?"

నేను అప్పటిదాకా సముద్రాన్ని క్యాలెండరులో తప్ప చూడలేదు. ఆ మాట విన్నాక నాకు అన్నం సయించలేదు. నేను దిగింది మా పెద్దమ్మ ఇంట్లో. నా కంచం చూసి ఆరా తీసింది.

"కొత్త మిషను నీళ్లల్ల దింపుతున్నరు గదా, పూజ చేసిండ్రా?"

సైన్సుకు పూజ ఏందని అనాల్సింది. సముద్రం మాట వినగానే నా సైన్సు అటకెక్కింది. "చెయ్యలే పెద్దమ్మా," అన్నాను.

"ఇంకేంది! సైకిలు కొన్నా బొట్టు పెడ్తరు. గంత పెద్దదాన్ని బోసి మొగంతోని గోదాట్ల దింపుతరా?"

"నీళ్లల్ల కుంకుమ ఆగుతదా?"

"కింద మైనం రాసి పెట్టు బిడ్డా. నేను గోదాట్ల ఎన్ని మునకలెయ్యలే! నా బొట్టు ఎన్నడన్న పోయిందా?"

పోలేదు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ అది అక్కడే ఉంది. పెద్దమ్మ తన బొట్టుపెట్టె తీసి మైనం ముద్ద, కుంకుమ పొట్లం నా చేతిలో పెట్టింది.

గురువారం పొద్దున్నే రేవుకు వెళ్లాను. బొట్టు ముఖానికి పెట్టాలని ఒకరు చెప్పాలా? చేప ముక్కు కొసన సరిగ్గా మధ్యలో సన్నటి గుంట కూడా ఉంది, బొట్టు కోసమే వదిలినట్టు. అందులోకి మైనం బొటనవేలితో గట్టిగా ఒత్తి, పైన కుంకుమ దిద్ది, ఒడ్డున కొబ్బరికాయ కొట్టాను. అప్పుడే వచ్చిన మూర్తి గారు కొబ్బరికాయ చూసి ముచ్చటపడి, కళ్లు మూసుకుని దండం పెట్టుకున్నారు. ఆ కళ్లు తెరిచేలోపు చేపను నీళ్లలోకి జార్చేశాను.

పడవ నడిపేది ఖాసిం భాయ్. మోటారు ఆయన చేతుల్లో పిల్లిలా పడి ఉండేది. పడవ సాగింది, కేబుల్ వదిలాం. పెన్ను కొంచెం కదిలి ఆగిపోయింది.

"ఇంకా వదులు," అన్నారు మూర్తి గారు.

"వదిలినా సార్," అన్నాను.

"పైకి లాగు."

"లాగినా సార్."

పెన్ను ఉన్నచోటే ఉంది. ఆయన చేప తోక దగ్గర మూత విప్పి సాయంత్రం దాకా వైర్లు చూశారు. తోక ఆయన పని, తల నా బాధ్యత. తల తుడిచి గోనెపట్టా కప్పుతూ ఆలోచించాను. పూజ సరిపోలేదని తేలింది. శుక్రవారం పొద్దున ఆయన రాకముందే ఇంకో పూత మైనం, ఇంకాస్త పెద్ద బొట్టు.

ఆ రోజు గీత స్కేలు పెట్టి గీసినట్టు వచ్చింది. మూర్తి గారు అన్నం ముట్టలేదు. "నాలుగేళ్లు, సత్యం," అన్నారు ఒక్కసారి. ఆయన ముఖం చూస్తే నాకు ఏడుపొచ్చింది. పాపం, ఆయన కోసమే శనివారం మూడో పూత దట్టంగా వేశాను.

శనివారం పన్నెండు దాటింది. గీత అదే గీత. చేపను పడవలోకి లాగాం. ఖాసిం భాయ్ బీడీ వెలిగించి నెమ్మదిగా అడిగాడు.

"సార్, నా డీజిల్ ట్యాంకు మూతకు చిన్న తూటు ఉంటది. అది మూసుకపోతే ఇంజన్ బందు. మీ దానికి గసొంటి తూటు ఏమన్న ఉన్నదా?"

"ఉంది. నీటి ఒత్తిడి దానిలోంచే లోపలికి పోవాలి. దాన్ని బట్టే లోతు తెలిసేది. ఇక్కడికొచ్చిన రోజే పిన్నుతో శుభ్రం చేశాను కూడా."

"యాడ ఉన్నది?"

"ముక్కు కొసన."

ముగ్గురం ముక్కు వైపు చూశాం. ఎర్రగా, గుండ్రంగా, నిండు ముత్తయిదువలా మెరుస్తోంది. లోతు పెరిగితే ఒత్తిడి పెరుగుతుందని పరీక్షలో రెండు పేజీలు రాసి పాసైనవాణ్ణి నేను. ఆ ఒత్తిడి లోపలికి పోవడానికి దారి కావాలని ప్రశ్నలో అడగలేదు మరి.

"ఎన్ని పూతలు?" అన్నారు మూర్తి గారు.

"మూడు, సార్."

"యా అల్లా!" అని ఖాసిం భాయ్ డీజిల్ గుడ్డ అందుకున్నాడు. తుడిచి, పిన్నుతో తవ్వి, మళ్లీ నీళ్లలోకి దింపాం. కేబుల్ వదలగానే పెన్ను కిందికి దిగింది. లాగితే ఎక్కింది. మూర్తి గారు ఆ కాగితాన్ని పసిబిడ్డలా చుట్టి సంచిలో పెట్టుకున్నారు. దారిపొడవునా నాతో ఒక్క మాట లేదు. నా సముద్రం పోయినట్టేనని నిశ్చయించుకున్నాను.

బస్సెక్కి కిటికీలోంచి తల బయటపెట్టి అప్పుడన్నారు. "ఆ మైనం ఎక్కడిదో మీ పెద్దమ్మ గారిని అడిగి ఓ కిలో పట్రా. తోక మూత దగ్గర నీళ్లు కారకుండా ఇంత గట్టిది నాకు విశాఖలో దొరకలేదు."

అలా కిలో మైనంతో నేను ఓడెక్కాను. సముద్రం క్యాలెండరులో కన్నా చాలా పెద్దది. చేపను దింపబోతుంటే ఒక ముసలి నావికుడు కొబ్బరికాయ, కుంకుమ తెచ్చాడు. నేను చేతులు చాచి ముక్కుకు అడ్డంగా నిలబడ్డాను.

"శుభమా అని బొట్టెడుతుంటే అడ్డమేటి బాబూ?" అన్నాడు.

వెనక నుంచి మూర్తి గారు తోక చూపించారు. అక్కడ ఎర్ర పెయింటుతో చక్కటి బొట్టు. "ముందే పెట్టించాను," అన్నారు. "మా సత్యం చేతికి అందనంత వెనక్కి."

కాబట్టి చదువరులారా, పెద్దమ్మ బొట్టుపెట్టె సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో ఏ యంత్రం ముఖానా వేలు పెట్టను. మొన్న కొత్త మిక్సీకి నా భార్యే బొట్టు పెట్టింది. నేను చేతులు వెనక్కి కట్టుకుని, తూట్లు ఎక్కడున్నాయో మాత్రం దూరం నుంచి చెప్పాను.