దావీదు మాస్టరు ఊదని పాట

పొద్దున ట్రాంబోన్ జారుడు గొట్టానికి కొబ్బరినూనె రాస్తుంటే, ఆ వాసనకు దావీదు మాస్టరు గుర్తొచ్చాడు. పరిగి పక్క పల్లె ఆయనది. హిందూపురంలో మా పెళ్ళి బ్యాండులో ముప్పై ఏళ్ళకు పైగా ట్రాంబోన్ ఊదాడు. గొట్టం సాగితే ముందు నడిచేవాడి వీపుకు తగులుతుంది కాబట్టి, ఊరేగింపులో ఆయనదెప్పుడూ ముందు వరసే. ఇస్త్రీ కోటు, మెలేసిన మీసం. పెళ్ళికొడుకును వదిలేసి జనం ఆయన్నే చూసేవారు.

నేను యుఫోనియంకు చేరినప్పుడు నాకు ఇరవై ఆరేళ్ళు. పొట్టకు ఆనించుకుని ఊదే పెద్ద బాకా అది. మొదటి పెళ్ళి పెనుకొండలో. భయంతో నోరెండిపోయి, నా బాకాలోంచి దున్నపోతు అరుపు వచ్చింది. బ్యాండు యజమాని గిర్రున వెనక్కి తిరిగాడు. నా పని అయిపోయిందనుకున్నాను. మాస్టరు నా పక్కకు జరిగి, "ఊదొద్దప్పా. బుగ్గలుబ్బించి ఊరికే నడువు. నీ స్వరం నేనెత్తుకుంటా" అన్నాడు. నెలన్నర అలాగే నడిచాను. పొద్దున్నే ఆయన ఇంటికి పోయి నేర్చుకునేవాణ్ణి, తర్వాత ట్రాంబోన్ కూడా నేర్పాడు. సిగ్గుతో చచ్చేవాణ్ణి గానీ, పని నిలిచింది.

పదేళ్ళకు ఆయన ముందు పళ్ళు ఊడిపోయాయి. కట్టుడు పళ్ళు పెట్టించుకుంటే, ఊదేటప్పుడు కదిలి గాలంతా పక్కకు పోయేది. యజమానికి తెలిస్తే మాన్పించేస్తాడు. బ్యాండు తప్ప ఆయనకు వేరే లోకం లేదు. "మీరు గొట్టం ఆడిస్తా నడవండి మాస్టరూ, యెనక నేనుండాను గదా" అన్నాను. రెండు బాకాల గొంతూ దగ్గరదగ్గరే కాబట్టి, ఆ ఏటి పెళ్ళి ముహూర్తాలన్నీ ఎవరికీ తెలియకుండా గడిచిపోయాయి. ధర్మవరంలో ఒక పట్టుచీరల వ్యాపారి ఇంటి పెళ్ళిలో, పాట బాగుందని పెళ్ళిపెద్ద ఆయన మెడలో దండ వేశాడు. నేను పొంగిపోయాను. మాస్టరు తల వంచుకున్నాడు.

తిరుగు బస్సులో ట్రాంబోన్ పెట్టె నా ఒళ్ళో పెట్టాడు. "రేపట్నుంచి ముందు నువ్వు నడువు."

నాకు కోపం ముంచుకొచ్చింది. "నేనూదుతాండాను గదా మాస్టరూ! ఎవురికి తెలుసు?"

"నీకు వచ్చేదాకా నేనూదినా. నాకు పండ్లు మొలిచేదాకా నువ్వూదుతావా ఏమి?" అని నవ్వాడు. "నేను ముందుంటే నువ్వెప్పుడూ యెనకనే ఉంటావప్పా" అన్నాడు.

హిందూపురం వచ్చేదాకా కిటికీలోంచి చూస్తూ ఏడ్చాను. ఆయన ఇప్పుడు లేడు. ఆ దండ సంగతి ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

మొన్న ధర్మవరంలో మగ్గం మానేసిన నలభై ఏళ్ళ మనిషి ఒకాయన మా దగ్గర యుఫోనియంకు చేరాడు. మొదటి పెళ్ళిలో బిత్తరపోయి నన్నే చూస్తున్నాడు. ముందు వరస నుంచి ఒక అడుగు వెనక్కి జరిగాను.

"ఊదొద్దన్నా. బుగ్గలుబ్బించి నడువు. నీకు వచ్చేదాకా నేనుండాను."