సుగుణక్క రాసిన ‘పడలేదు’

మందుల షాపు వరసలో నా ముందు నిలబడిన పెద్దాయన జేబులోంచి తెల్లటి బిళ్ళ ఒకటి తీసి నోట్లో వేసుకుని పటుక్కున కొరికాడు. పుదీనా, సుద్దపొడి కలిసిన వాసన. ఛాతీలో మంటకు నమిలే బిళ్ళ అది. సుగుణక్క తెల్లకోటు జేబులో ఆ బిళ్ళల డబ్బా ఎప్పుడూ ఉండేది. ఆమె ఫ్యాక్టరీలో ఏ మూలనుంచి వస్తున్నదీ ఆ గలగలను బట్టి మాకు తెలిసిపోయేది. నా వంతు వచ్చినా నేను కదల్లేదు. వెనకనున్నావిడ గొంతు సవరించుకుంటే గాని నేనెక్కడున్నానో గుర్తు రాలేదు.

అసలు సంగతి ముందే చెప్పేస్తాను. సుగుణక్క తెలుగులో రాసిన ఒక మాటను నేను ఇంగ్లీషులోకి తప్పుగా మార్చాను. తప్పని తెలిసిన రోజున ఆమెకు చెప్పలేదు. ఆ తర్వాత పధ్నాలుగు నెలలు చెప్పలేదు. బరువు తగ్గడానికి ఆమె చేయించుకున్న ఆపరేషన్ చెడిపోవడానికి ఆమె నోరే కారణమని మా ఫ్యాక్టరీలో ఇప్పటికీ అనుకునేవాళ్ళున్నారు. ఆ మాట అంతకాలం నిలబడటంలో నా చెయ్యి ఉంది. ఆమెను ఎన్నడూ చూడనివాళ్ళకైనా నిజం తెలియాలని ఇది రాస్తున్నాను.

కెనడాలోని బ్రాంప్టన్‌లో సమోసాలు, పరోటాలు గడ్డకట్టించి పెట్టెల్లో సర్దే ఫ్యాక్టరీ మాది. నేను ఖమ్మంలో జూనియర్ కాలేజీ లెక్చరర్‌గా పనిచేసి, నలభై దగ్గర పడుతుండగా ఈ దేశం వచ్చాను. దొరికిన మొదటి ఉద్యోగం ఇదే. సుగుణక్క మా షిఫ్టుకు లీడు, అంటే మా అందరి పనీ చూసుకునే మనిషి. ఊరు ఒంగోలు దగ్గర. చదివింది పదో తరగతి. ఇంగ్లీషు చెవితో నేర్చుకున్నదే గాని చేత్తో నేర్చుకున్నది కాదు. నేను పూర్వాశ్రమంలో పాఠాలు చెప్పేవాడినని తెలిసిన క్షణం నుంచి నా పేరు మాస్టారు అయిపోయింది. మొదటి వారంలో ఫ్రీజర్ గది నుంచి కాళ్ళు కొయ్యబారి బయటికి వస్తే నా బూట్లు విప్పించి, సాక్సు చూసి నవ్వింది. “కాలేజీకి పోయే సాక్సులు ఇవి. రేపటి నుంచి రెండు జతలు తొడుక్కో మాస్టారూ. ఇక్కడ పాఠం చెప్పేది చలి.”

ఫ్రీజర్ తలుపు పక్కన ఒక కాగితం వేలాడుతూ ఉండేది. రెండు గంటలకోసారి లోపలి చలి ఎంతుందో చూసి అందులో రాయాలి. మూడో వారానికి నాకు తెలివి పెరిగింది. అంకె ఎప్పుడూ ఒకటేగా అని పొద్దున్నే నాలుగు గళ్ళూ నింపేశాను. సుగుణక్క ఆ కాగితం తీసుకుని నేరుగా నా దగ్గరికి వచ్చింది.

“టైమెంత మాస్టారూ?”

“పదకొండున్నర, అక్కా.”

“మరి రెండు గంటల చలి నీకు ఇప్పుడే ఎట్టా తెలిసింది? జాతకం చెప్తావా?”

చుట్టూ అందరూ నవ్వారు. ఆమె మాత్రం నవ్వలేదు. నన్ను పక్కకు తీసుకెళ్ళి, ఆ సరుకు ఎవరో పసిపిల్లలు తింటారని, గడిలో రాసినదాన్ని నమ్మే తింటారని మెల్లగా చెప్పింది. పైవాళ్ళకు మాత్రం చెప్పలేదు. కొత్త కాగితం ఇచ్చి నా చేతనే రాయించింది. పదేళ్ళు క్లాసులో నిలబడ్డ నాకు ఉద్యోగం ఎలా చెయ్యాలో చెప్పిన మనిషి ఆమె. సూపర్‌వైజర్ అదనపు గంటలు పనిచేయమంటే మర్యాదగా కాదనడం, నడుం పట్టేయకుండా పెట్టె ఎత్తడం, భార్యకు జ్వరమొస్తే సెలవు అడగటానికి సిగ్గుపడకపోవడం, అన్నీ ఆమె దగ్గర నేర్చుకున్నవే.

ఆపరేషన్ సంగతి ఆమె దాచుకోలేదు. “పొట్ట మూడొంతులు కోసి తీసేశారు. ఒక వంతు మిగిల్చారు, దాంతోనే మీ అందర్నీ భరిస్తున్నా” అనేది. నేను చేరేసరికి ఆపరేషన్ జరిగి రెండేళ్ళు. అప్పుడు సన్నగానే ఉండేది. తర్వాత బరువు తిరిగి రావడం మొదలైంది. కోటు ఒక సైజు, ఆ తర్వాత ఇంకో సైజు పెరిగింది. లంచ్ రూమ్‌లో ఆమె డబ్బాలో చపాతీ కనిపించడం మానేసింది. పాయసం, మెత్తగా పిసికిన పెరుగన్నం, ఒక్కోసారి కప్పు ఐస్‌క్రీమ్. తిన్న కాసేపటికి బాత్రూమ్‌కు వెళ్ళేది. కుళాయి ధారగా తిప్పిన చప్పుడు వినిపించేది. ఆ నీళ్ళ చప్పుడు కింద ఇంకో చప్పుడు ఉందని నాకు తెలుసు. కానీ లంచ్ రూమ్‌లో ఎవరో “పాపం, లక్షణంగా తగ్గింది, నోరు కట్టుకోలేకపోయింది” అన్నప్పుడు, ఇంకొకరు “పాయసానికి ఆపరేషన్ ఏం చేస్తుంది” అన్నప్పుడు, నేనూ నవ్వాను.

రెండో ఆపరేషన్ చేసి సరిదిద్దే వీలుందేమో చూస్తామని ఆస్పత్రివాళ్ళు అన్నారట. దానికి ముందు ఆరు వారాలు తిన్నదీ తాగిందీ రాసి తెమ్మన్నారు. ఆమె ఒక రూళ్ళ నోటుబుక్కులో తెలుగులో రాసింది. గుండ్రటి అక్షరాలు, ఒక్క కొట్టివేత లేదు. దాన్ని తెచ్చి నా చేతిలో పెట్టింది. “నా ఇంగ్లీషు ఫ్యాక్టరీ గేటు దాటి రాదు. నువ్వు మార్చిపెట్టు.”

ఆదివారం కూర్చుని రాశాను. ‘చపాతీ సగం, పడలేదు. కోడికూర రెండు ముక్కలు, పడలేదు. పాయసం, పడింది. ఉడకబెట్టిన గుడ్డు, పడలేదు. ఐస్‌క్రీమ్, పడింది.’ ఆ మాటకు అర్థం తెలియని తెలుగువాడు ఉండడు. ఒంటికి పడలేదు, లోపల నిలవలేదు. ఇంగ్లీషులో దానికి ఒక్క మాట దొరకలేదు. విడమరచి ఒక వాక్యం రాయాలి, అదీ రోజుకు మూడు నాలుగుసార్లు. నేను ‘నచ్చలేదు’ అని రాసుకుంటూ పోయాను. పడినవాటికి ‘నచ్చింది’ అన్నాను. కొన్నిచోట్ల ఆమె ‘పైకొచ్చింది’ అని విడమరిచే రాసింది. పేజీ పేజీకీ వాంతుల గొడవ బాగుండదని వాటిని వదిలేశాను. రెండు గంటల్లో పని ముగించి, అచ్చు తీసి, ప్లాస్టిక్ కవరులో పెట్టి ఇచ్చాను. “కాలేజీ పనితనం” అని ఆమె మురిసిపోయింది.

ఆ నెలలోనే ఆస్పత్రికి ఒక్కతే వెళ్ళింది. మర్నాడు పనికి వచ్చి, పెట్టెలకు అంటించే లేబుళ్ళు సర్దుతూ చెప్పింది. “నచ్చినవే తింటన్నానంట. గట్టివి నచ్చక తీపికి పోతన్నానంట. ముందు మనసు అదుపులో పెట్టుకునే క్లాసులకు పొమ్మన్నారు. ఆపరేషన్ సంగతి ఆ తర్వాత చూస్తారంట.” లేబుళ్ళు పక్కన పెట్టి నా వైపు చూసింది. “నచ్చడం అని నేనెక్కడ రాశా మాస్టారూ?”

అప్పుడే చెప్పాల్సింది. “వాళ్ళ భాష అంతే అక్కా, అన్నిటికీ అదే మాట వాడతారు” అన్నాను.

ఆమె నమ్మింది. నమ్మకపోతే బాగుండేది. శనివారాలు ఆ క్లాసులకు వెళ్ళింది. తనకు లేని జబ్బుకు వైద్యం అది. కొన్నాళ్ళకు నిజంగానే తప్పు తనదే అనుకోవడం మొదలుపెట్టింది. మా ముందు తినడం మానేసింది. డబ్బా తీసుకుని పార్కింగ్‌లో కారులో కూర్చునేది. రాత్రిళ్ళు పడుకుంటే మంట గొంతు దాకా వస్తోందని, కుర్చీలోనే నిద్రపోతున్నానని ఒకసారి మాటవరసకు అంది. మోకాళ్ళ నొప్పితో లీడు పని వదిలి, కూర్చుని చేసే పనికి మారింది. చెబుదామని నేను చాలాసార్లు అనుకున్నాను. ప్రతిసారీ, ఇన్నాళ్ళు ఎందుకు ఊరుకున్నావని అడుగుతుందన్న భయమే గెలిచింది.

ఆ మంట గురించి ఆమె ఫ్యామిలీ డాక్టర్ పట్టుబట్టి లోపలికి కెమెరా వేయించారు. ఆ ఫలితం చూశాక సర్జన్ మళ్ళీ పిలిచారు. ఫోనులో అనువాదకుడిని ఇస్తామంటే ఆమె వద్దంది. “ముక్కూ మొహం తెలియనోళ్ళకి నా పొట్ట కథ ఎందుకు? నువ్వు రా.” నేనే కారులో తీసుకెళ్ళాను. దారిలో ఆమె నిర్ణయం చెప్పింది. “రెండో ఆపరేషన్ ఇస్తామన్నా వద్దంటా మాస్టారూ. నోరు కట్టుకోలేనిదానికి ఇంకోసారి కోసి ఏం లాభం? ఆ జాగా ఇంకెవరికన్నా ఇవ్వమని చెప్పు.” నేను రోడ్డు చూస్తూ నడిపాను.

సర్జన్ తెర మీద బొమ్మ చూపించారు. గొట్టంలా మిగిల్చిన పొట్ట మధ్యలో మెలితిరిగి ఇరుకైపోయిందని, గట్టి పదార్థం అక్కడ ఆగుతుందని, మెత్తనివీ తీపివీ జారిపోతాయని చెప్పారు. ఇరుకైన చోటును బెలూనుతో సాగదీసి చూడొచ్చు, కానీ మళ్ళీ మూసుకుపోవచ్చు. ఆపరేషన్ చేసి దారి మళ్ళిస్తే మంటా వాంతులూ చాలావరకు తగ్గుతాయి. అయితే ఒకసారి కోసిన చోట మళ్ళీ కోయడంలో ప్రమాదం మొదటిసారికన్నా ఎక్కువ, బరువు ఆశించినంత తగ్గకపోవచ్చు. ఇదంతా నేను ఆమెకు చెప్పాను, ఒక్క మాట వదలకుండా. అప్పుడాయన ఫైలులోంచి నా ప్లాస్టిక్ కవరు తీశారు. “ఆరు వారాల్లో ఒక్క వాంతి కూడా రాయలేదు. ఈ పదార్థాలు నచ్చలేదనే ఉంది. ఎందుకలా రాసిందో కనుక్కోండి.”

ఆ గదిలో రెండు భాషలూ బాగా వచ్చింది నాకొక్కడికే. ఏం చెప్పినా చెల్లుతుంది. సర్జన్ అడిగింది అడిగినట్టు ఆమెకు చెప్పాను.

“రాశా కదా” అంది సుగుణక్క. “పడలేదని ఎన్నిసార్లు రాశానో నీకు తెలుసు కదా. చెప్పు.”

“మీరు రాశారక్కా. నేను నచ్చలేదని మార్చాను. పైకొచ్చిందని మీరు రాసినవి తీసేశాను.” అదే మాట ఇంగ్లీషులో సర్జన్‌కు చెప్పాను.

ఆమె నా వైపు చూసిన చూపులో కోపం లేదు. ఫ్రీజర్ తలుపు బిగిసిందో లేదో చూసే చూపు అది. తర్వాత కుర్చీ ఆయన వైపు జరుపుకుని తన ఫ్యాక్టరీ ఇంగ్లీషులో తనే మాట్లాడింది. తింటాను, తిరిగి వస్తుంది, ప్రతిరోజూ, రెండేళ్ళు. ఒక్కో మాటకు ఒక్కో వేలు మడిచింది. ఆయన రాసుకున్నారు. ఆమె రెండు దారుల గురించీ మళ్ళీ అడిగింది, ప్రమాదం ఎంతని అడిగింది, కూతురికి ఫోను చేసి మాట్లాడింది. చివరికి ఆపరేషన్‌కే ఒప్పుకుంటున్నానంది. ఆ అరగంటలో నా అవసరం ఒక్కసారి కూడా రాలేదు.

ఇప్పుడామె విండ్సర్‌లో కూతురి దగ్గర ఉంటోంది. బరువు తగ్గింది కొంతే. చపాతీ తినగలుగుతోంది, పడుకుని నిద్రపోతోంది. నాకు ఎప్పుడన్నా ఫోను చేస్తుంది, ఎప్పుడన్నా చెయ్యదు. ఫ్యాక్టరీలో కొత్తవాళ్ళు కాగితాలు రాసిపెట్టమని వస్తే, నేను రాసింది మళ్ళీ తెలుగులో చదివి వినిపించి, మీరన్నది ఇదేనా అని అడుగుతాను. విసుక్కునేవాళ్ళున్నారు. అయినా మానలేదు.

ఆ రోజు ఆస్పత్రి బయట కారు తలుపు తీసి పట్టుకున్నాను. ఆమె ఎక్కలేదు.

“పొరపాటా, తెలిసి చేసిందా?” అంది.

“రాసేటప్పుడు బద్ధకం. మీరొచ్చి అడిగినప్పుడు తెలుసు. తెలిసే అబద్ధం చెప్పాను. మీరు నోరు కట్టుకోలేరని నేను ముందే అనేసుకున్నానక్కా, అందుకే ఆ మాట నా చేతికి అంత సులువుగా వచ్చింది. లంచ్ రూమ్‌లో మీ గురించి నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నాను. తప్పు మీది కాదని తెలిసి కూడా పధ్నాలుగు నెలలు మిమ్మల్ని ఆ క్లాసులకు పోనిచ్చాను. నన్ను క్షమించండి.”