మొదటి భాగం చిన్నాయనది

పెనుకొండ నుంచి చిన్నమ్మ ఫోన్ చేసినప్పుడు నేను హిందూపురంలో, మా స్కూలు స్టాఫ్ రూములో పిల్లల జవాబు పత్రాలు దిద్దుతున్నాను. "మీ చిన్నాయన పోయినాడు పాపా. పొద్దున్నే కాఫీ అడిగినాడు. నేను కలుపుకోని వచ్చేసరికి..." అని అక్కడితో ఆగిపోయింది. నాకు వెంటనే ఏడుపు రాలేదు. ముందు గుర్తొచ్చింది ఆయన బీరువా పై అరలో ఉన్న పుస్తకం. అది ఇప్పుడు ఎవరి చేతికి పోతుందో అనుకున్నాను. మనిషి పోయి అప్పటికి గంట కూడా కాలేదు. ఈ సంగతి దాచిపెట్టి ఆయన గురించి ఇంకేం రాసినా అబద్ధమే అవుతుంది కాబట్టి ముందే రాసేస్తున్నాను.

మా చిన్నాయన, అంటే మా నాయన తమ్ముడు, ధర్మవరం జంక్షన్‌లో పార్సిల్ ఆఫీసు గుమాస్తా. పట్టుచీరల మూటలకు చీటీలు అంటించి బండెక్కించడం ఆయన ఉద్యోగం. రిటైరయ్యాక పెనుకొండలో ఇల్లు కట్టుకున్నాడు. తెల్లదొరల కాలంలో మన వైపు పక్షుల మీద, జంతువుల మీద అచ్చయిన పుస్తకాలు సేకరించడం ఆయన పిచ్చి. నా చిన్నప్పుడు ఒళ్లో కూచోబెట్టుకుని ఆ బొమ్మలు చూపించి నాకూ ఆ పిచ్చి అంటించాడు. నేను సైన్సు టీచరునై నా జీతంతో నేను కొనుక్కోవడం మొదలుపెట్టిన రోజు నుంచీ ఆయనంటే నాకు కుళ్లు.

కుళ్లు ఎందుకుండదు? ఆయనకు రైలు పాసు ఉండేది. సెలవు దొరికితే చాలు, బెంగళూరు పోయి ఫుట్‌పాత్‌ల మీది పాత పుస్తకాలన్నీ తిరగేసి పొద్దుగూకేలోపు ఇల్లు చేరేవాడు. నాకు ఆదివారమంటే ఇడ్లీ పిండి, పిల్లల యూనిఫాంలు, అత్తగారి మందులు. ఎప్పుడో రెండు నెలలకోసారి తీరిక చేసుకుని బస్సెక్కి పోతే అక్కడ అంగడాయన "అయ్యో, మొన్ననే ధర్మవరం సారు తీసుకుపోయినాడే!" అనేవాడు. ఆ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు.

ఆయన కూడా సాధువేం కాదు. మంచి పుస్తకం ఏదైనా దొరికితే నాకు కార్డు రాసేవాడు. క్షేమ సమాచారాలు ఉండవు, ఆశీర్వాదాలు ఉండవు. పుస్తకం పేరు, దాని కింద "దొరికింది" అని ఒక్క ముక్క. పోస్ట్‌మ్యాన్ ఆ కార్డు ఇచ్చిన పూట మా ఇంట్లో కూరలో ఉప్పు ఎక్కువయ్యేది. మా ఆయన ఒక ముద్ద నోట్లో పెట్టుకుని "కార్డు వచ్చిందా?" అని అడిగేవాడు.

ఒకసారి మా స్కూల్లో పిల్లలకు పక్షుల గురించి చెప్పమని ఆయన్ని పిలిపించాను. ఆయన నల్లబల్ల మీద ఒక్క గీత గీయలేదు. కౌజుపిట్ట ఎట్లా అరుస్తుందో అరిచి చూపించాడు. పైరుగాలికి కూచుని టీ సాసర్లో పోసుకుని తాగినంత తాపీగా మాట్లాడాడు. రైల్లో తను ఎప్పుడూ కూచోనని, తలుపు దగ్గరే నిలబడతానని, తీగల మీద పిట్టలన్నీ రైల్లో ఎవరెవరు పోతున్నారో చూడడానికే కూచుంటాయని చెప్పాడు. వారం దాకా పిల్లలు నా వెంట పడ్డారు, "ఆ సారు మళ్లా ఎప్పుడొస్తాడు మేడం?" అని. అప్పటికి పన్నెండేళ్లుగా నేను ఆ స్కూల్లోనే పాఠం చెబుతున్నాను. నేను రేపు వస్తానా అని ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు.

ఇక ఆ పుస్తకం సంగతి. తొంభైల మధ్యలో ఒక ఎండాకాలం, హిందూపురం చింతపండు మార్కెట్ వెనక పాత పేపర్ల అంగడాయన మా ఇద్దరికీ కబురు పెట్టాడు. ఎవరిదో పాత బంగళా ఖాళీ చేస్తుంటే పుస్తకాలొచ్చాయట. నేను ఆటో దిగేసరికి చిన్నాయన స్టేషన్ వైపు నుంచి దాదాపు పరిగెత్తుకుంటూ వస్తున్నాడు. కాగితాల గుట్ట మీద రెండు భాగాల పుస్తకం ఉంది. దక్షిణ దేశపు పక్షులు, తోలు అట్ట, ప్రతి బొమ్మకూ చేత్తో వేసిన రంగులు. ఆయన చెయ్యి మొదటి భాగం మీద పడింది, నాది రెండో భాగం మీద పడింది. ఎవరమూ తియ్యలేదు.

"ఏమప్పా, ఇద్దురూ ఒగే ఇంటోళ్లు గదా. ఎవురి కాడుంటే ఏమి?" అన్నాడు అంగడాయన.

"అట్లంటావేమప్పా! కొంపలు మునిగిపోవూ?" అని నవ్వి, చిన్నాయన నా వైపు తిరిగాడు. "సరే పాపా, తలా ఒగటి తీసుకుందాం. ముందు ఎవురు అలిసిపోతే వాళ్లు రెండోవాళ్లకు ఇచ్చేయాల."

ఎవరమూ అలిసిపోలేదు. జత విడిపోయి ఒకటి హిందూపురంలో, ఒకటి పెనుకొండలో ఉండిపోయింది. నా భాగానికి ప్లాస్టిక్ కవరు వేసి, అరలో కలరా ఉండలు పెట్టి, చేతులు కడుక్కుని తుడుచుకున్నాక గానీ ముట్టేదాన్ని కాదు. ఆయనేమో తన భాగాన్ని నేతగాళ్లు ఇచ్చిన చిరిగిన పట్టుగుడ్డలో చుట్టి, రెగ్జిన్ సంచిలో పెట్టుకుని చేల వెంబడి తిరిగేవాడు.

ఒకసారి నేనూ ఆయనతో పోయాను. చెన్నేకొత్తపల్లి దాటాక హైవే దిగి, వేరుశనగ చేలల్లోంచి చాలా దూరం నడిచాం. గొర్రెలు మేపుతున్న ఒక ముసలాయన దగ్గర చిన్నాయన చతికిలబడి పుస్తకం తెరిచాడు. "ఏమబ్బా, ఈ పిట్టను మీరేమంటారు?" అని అడిగాడు. ముసలాయన బొటనవేలు తీసుకుపోయి బొమ్మ మీద పెట్టి ఒక పేరు చెప్పాడు. చిన్నాయన చెవి మీద ఉన్న పెన్సిలు తీసి ఆ పేరు మార్జిన్‌లో రాసుకున్నాడు. అంతలో ముసలాయన "అదో, అదో ఉరుకుతాండాది సూడు!" అని చెయ్యి చాపాడు. ఇద్దరూ లేచి చూశారు. నేను చూడలేదు. పేజీ మీద వేలి మరక పడిందా లేదా అని వంగి చూస్తున్నాను.

తిరిగొచ్చేటప్పుడు అడిగాను, నూరేళ్ల నాటి పుస్తకంలో ఆ రాతలేమిటి చిన్నాయనా అని.

"పుస్తకానికి మనమే చెప్పాల పాపా. మన పిట్టల పేర్లు దానికి యాడ తెలుసు?" అన్నాడు. "ఈ పుస్తకం రాసిన దొర కూడా తెలుగు పేర్లు రాసినాడు. యాడో సముద్రం పక్కన ఎవురినో అడిగి రాసినట్టుండాడు. ఈడ ఒగరూ అట్లనరు."

కొన్నేళ్లు గడిచాయి. ఒక వేసవి సెలవుల్లో మొదటి భాగం నెల రోజులకు ఇమ్మని అడిగాను. నా రెండో భాగంలో చాలాచోట్ల మొదటి భాగం చూడమని ఉంటుంది, చూసి ఇచ్చేస్తానన్నాను. ఆయన పట్టుగుడ్డలో చుట్టి చేతిలో పెట్టాడు. "పెట్టుకో పాపా, తొందరేమీ లేదు" అన్నాడు. అలిసిపోయావా అని నేను ఎగతాళి చేస్తే "ఇంకా లేదులే" అన్నాడు.

ఇంటికొచ్చి తెరిస్తే మార్జిన్ల నిండా పెన్సిలే. పరిగి చెరువు, ఆదివారం, తెల్లవారి, ఏడు ఉండాయి. పెనుకొండ కోట గోడ, జత, గుడ్లు పెట్టినట్టుండాయి. ఒక కొంగ బొమ్మ పక్కన, చిలమత్తూరు వైపు ఊళ్లో వీటిని పురిటికి వచ్చిన ఆడబిడ్డలంటారు, ఇవి ఉన్నన్నాళ్లు టపాకాయలు కాల్చరు అని ఉంది. ఎవరెవరో చెప్పిన పేర్లు, ఒక్కో పిట్టకు మూడు నాలుగు. ఆ ఆదివారాల్లో నేనేం చేస్తున్నానో ఆలోచించుకున్నాను. గుర్తు తెచ్చుకోవాల్సిన పనే లేదు, అన్ని ఆదివారాలూ నేను చేసింది ఒకటే పని.

నేను రబ్బరు తీసుకున్నాను.

పుస్తకాన్ని బాగుచేస్తున్నానని నాకు నేను చెప్పుకున్నాను. విలువ తెలిసిన వాళ్లెవరూ ఇట్లాంటి పుస్తకంలో గీతలు ఉంచరు, రెండు భాగాలూ ఒకేలా తెల్లగా ఉంటేనే జత అని చెప్పుకున్నాను. పదకొండు రోజులు పట్టింది. పిల్లలను ఆడుకోమని ఆ గదిలోకి పంపి, నేను ఈ గదిలో కూచుని తుడిచాను. మొదట్లో కాగితం నలగకుండా మెల్లగా తుడిచేదాన్ని. పోనుపోను చేతికి కసి వచ్చింది. పేజీ పూర్తయ్యాక రబ్బరు పొట్టు ఊదుతుంటే మనసుకు హాయిగా ఉండేది. అదీ రాయాలి.

తిరిగి ఇచ్చిన రోజు ఆయన మంచం మీద కూచుని గుడ్డ విప్పాడు. ఒక పేజీ తిప్పాడు, ఇంకోటి తిప్పాడు. చివరి దాకా తిప్పాడు, ఒక్కటీ వదలకుండా. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. వంటింట్లోంచి చిన్నమ్మ "ఏంది, అంత సేపు చూస్తాండావు, బొమ్మలేమన్నా పోయినాయా?" అని కేకేసింది.

"ఏం పోలేదు, అన్నీ ఉండాయి" అన్నాడు. నా వైపు చూసి, "బాగా తెల్లగా చేసినావు పాపా. కాఫీ తాగి పో" అన్నాడు.

తిట్టి ఉంటే నేను ఎదురు మాట్లాడి ఉండేదాన్ని. దానికి జవాబులు బస్సులోనే సిద్ధం చేసుకుని పోయాను. ఆయన తిట్టలేదు. ఆ తర్వాత ఆ పుస్తకంలో ఒక్క అక్షరం రాయలేదు, దాన్ని సంచిలో వేసుకుని బయటికి పోనూ లేదు. ఆ పేర్లు చెప్పిన ముసలివాళ్లలో కొందరు పోయారు, ఈయనకు కళ్లు మసకేశాయి. కార్డులు మాత్రం రాస్తూనే ఉన్నాడు. ఒకసారి పాముల మీద పాత పుస్తకం ఒకటి తెచ్చి "నా కాడ ఇంకోటి ఉండాదిలే, ఇది నువ్వు తీసుకో" అని ఇచ్చాడు. తీసుకున్నాను. ఆయన దగ్గర ఇంకోటి ఉందా అని అడగలేదు, ఆ రబ్బరు గురించి నోరు తెరిచి ఒక్క మాటా అనలేదు. ఆరేళ్లు టైముండింది నాకు.

పదకొండో రోజు కర్మ అయిపోయి బంధువులంతా వెళ్లాక చిన్నమ్మ బీరువా తెరిచింది. పాముల పుస్తకం ఇంకోటి అందులో లేదు. పట్టుగుడ్డ మూట తీసి నా ఒళ్లో పెట్టి, "ఇది నీకే ఇమ్మని ముందే చెప్పి పెట్టినాడు పాపా. నేను అలిసిపోయినానని చెప్పు, దానికి తెలుస్తాదిలే అన్నాడు" అంది. అప్పుడు ఏడ్చాను. చిన్నమ్మ నన్ను ఓదార్చింది. ఆమె నన్ను ఓదార్చాల్సిన రోజు కాదది.

ఇప్పుడు జత నా దగ్గరే ఉంది. రెండూ తెల్లగా, మచ్చ లేకుండా ఉన్నాయి. బెంగళూరులో ఎవరికైనా చూపిస్తే నోరెళ్లబెడతారు. ఎవరికీ చూపించలేదు.

పోయిన నెల ఒక పొద్దున మొదటి భాగం కిటికీ దగ్గర బల్ల మీద తెరిచి పెట్టి, కుక్కరు విజిలేస్తే లోపలికి పోయి వచ్చాను. ఎండ అడ్డంగా పడి ఉంది. మార్జిన్‌లో ఏదో కనిపించింది. చిన్నాయన పెన్సిలు గట్టిగా ఒత్తి రాసేవాడు. పార్సిల్ చీటీల కింద కార్బన్ పెట్టి ముప్పై ఏళ్లు రాసిన చెయ్యి అది. నేను నల్లదనాన్నే తుడిచాను, గాడి అట్లాగే ఉంది. ఒక్కో పేజీ ఎండకు వాల్చి కూడబలుక్కుంటూ చదవడం మొదలుపెట్టాను. పరిగి చెరువు మళ్లీ వచ్చింది. కోట గోడ వచ్చింది. మొదట్లో మెల్లగా తుడిచిన పేజీలు కాబట్టి బాగానే వచ్చాయి.

చివరి పేజీల్లో ఒక చిన్న పిట్ట ఉంది. మట్టి రంగు, అందచందాలేమీ లేవు. బొమ్మ వేసినాయన కూడా దాని మీద పెద్దగా రంగు ఖర్చు పెట్టలేదు. దాని పక్కన ఇలా ఉంది. "హిందూపురం. పాప ఇంటి వెనక చింతమాను. దినామూ వస్తాదంట. పాప అత్త దీన్ని" అని ఒక మాట, "అంటాది."

ఆ మాట దగ్గర కాగితం నూగు లేచిపోయి ఉంది. కసి వచ్చాక తుడిచిన పేజీ అది. మొదటి అక్షరం 'చి' లాగుంది. తర్వాత ఏమీ లేదు. మా అత్తగారు పోయి నాలుగేళ్లయింది. ఆయన మా ఇంటికొచ్చినప్పుడల్లా పెరట్లో ఆమె పక్కన కూచుని ఏం మాట్లాడతాడా అనుకునేదాన్ని. నేను లోపల పిండి రుబ్బుతూ, ఈయన వస్తే పనేమీ జరగదని విసుక్కుంటూ ఉండేదాన్ని.

మా ఆయన్ని పిలిచి బొమ్మ చూపించాను. "దీన్ని మీ అమ్మ ఏమనేది?"

వంగి చూశాడు. "అంటాండె. దినామూ అంటాండె గదా, దానికి నూకలేస్తా." పెదాలు కదిలించి చూసుకున్నాడు. "నోటి దాకా వస్తాండాది, రాలేదు."

అప్పటి నుంచీ రోజూ పొద్దున ఏడున్నరకు ఆ పేజీ తెరిచి కిటికీ దగ్గర కూచుంటున్నాను. ఎండ అడ్డంగా ఉండేది పది నిమిషాలు. ఇటు వాల్చి, అటు వాల్చి, వేలి కొసతో తడిమి చూస్తాను. పెరట్లో చింతమాను మీద ఏవో పిట్టలు అరుస్తుంటాయి, ఏది ఏదో నాకు తెలియదు. నా ఇంటి పిట్ట, నా అత్త చెప్పిన పేరు, అవి కూడా ఆయనకే తెలుసు. ఇప్పటికీ కుళ్లుగానే ఉంది. ఎండ కిటికీ పైకి పోతుంది. ముందు 'చి' పోతుంది, తర్వాత మా అత్త, తర్వాత చింతమాను, హిందూపురం, ఒక్కొక్కటే పోయి కాగితం తెల్లగా మిగులుతుంది.