సంపులోంచి పెళ్ళి చేసిన అయ్యగారు

కారంపూడి పక్కన మా ఊళ్ళో బాప్టిస్టు చర్చికి ఏసోబు గారు నలభై ఏళ్ళుగా పాస్టరు. మేమంతా అయ్యగారనే పిలుస్తాం. పుట్టినప్పుడు మమ్మల్ని ఎత్తుకుని ప్రార్థన చేసిందీ ఆయనే, పెద్దయ్యాక నీళ్ళలో ముంచిందీ ఆయనే. ఎవరికి నొప్పులొచ్చినా నరసరావుపేట ఆసుపత్రికి ఆయన పాత కారే. మొగుడూ పెళ్ళాం కొట్టుకుంటే వెళ్ళి వాళ్ళింట్లో కూర్చుంటారు. ఇద్దరూ కలిసి అన్నం పెట్టేదాకా లేవరు. అలా ఊళ్ళో కాపురాలు నిలబడ్డాయి, ఆయన పొట్ట పెరిగింది.

ఒక్క విషయంలో మాత్రం మొండి. బాప్తిస్మమంటే మనిషి మొత్తం మునగాలి. మోచెయ్యి తేలినా మళ్ళీ ముంచుతారు. మునగనివాడికి పెళ్ళి చెయ్యరు.

మొన్న మే నెలలో ప్రిస్కిల్లా పెళ్ళి. పెళ్ళికొడుకు రవి కుమార్ కరెంటు లైన్‌మన్. ఎంత ఎత్తు స్తంభమైనా ఎక్కుతాడు, నీళ్ళంటే మాత్రం వణుకు. ఇదిగో అదిగో అంటూ బాప్తిస్మాన్ని పెళ్ళిరోజు పొద్దుటిదాకా లాగాడు. తీరా చూస్తే సాగర్ కాలవ ఎండిపోయింది, చర్చిలో తొట్టి పగిలిపోయింది.

ప్రిస్కిల్లా పెళ్ళిచీరలోనే పరిగెత్తుకొచ్చింది.

"అయ్యగారూ, మా బాబాయి మాచర్ల పాస్టరుని పిలుస్తానంటన్నాడు. మీరు చెయ్యకపోతే నాకీ పెళ్ళే వద్దు."

"చెయ్యనన్నానా తల్లీ? వాణ్ణి ముంచేటన్ని నీళ్ళు చూపించమన్నా."

మిరపకాయల వ్యాపారి లక్ష్మీనరసయ్య గారు కొత్త ఇల్లు కడుతున్నారు. వాకిట్లో నేలలోకి సంపు కట్టించి, సగానికి నీళ్ళు పట్టారు. "మా సంపులో ముంచుకోండి పాస్టరుగారూ, చానా లోతుంది" అన్నారాయన.

అయ్యగారు నిచ్చెన మీద దిగారు. వెనక రవి కుమార్ దిగాడు. పెళ్ళివాళ్ళందరూ సంపు చుట్టూ చేరారు గానీ, దాని మూతిలోంచి ఒకసారికి ఒక్కరే తొంగిచూడగలరు, మిగతావాళ్ళు అడిగి తెలుసుకోవాలి.

"మునిగాడా?"

"మునిగాడు. జుట్టు తేలింది."

"జుట్టు కూడా లెక్కేనా ఏంది?"

"లెక్కేనంట. మళ్ళీ ముంచుతన్నాడు!"

ముంచిన మరుక్షణం రవి కుమార్ కోతిలా పైకొచ్చేశాడు. అయ్యగారికే మోకాలు పట్టేసింది. నిచ్చెన మీద కాలు పెడితే వంగదు. ఇద్దరు బోర్లా పడుకుని ఆయన చేతులు చెరొకటి పట్టి లాగారు.

"ఒరేయ్, భుజాలు ఊడొస్తన్నయ్యి, వదలండ్రా!"

ఈలోపు వంటమనిషి వచ్చాడు. "ఈ ఎండకి బిర్యానీ పాడైపోద్ది. పెళ్ళి అవుద్దా, అవ్వదా?" బాబాయి ఫోను తీశాడు. ప్రిస్కిల్లా దాన్ని లాక్కుని జాకెట్లో దోపుకుంది.

భోజనాలకు నీళ్ళ ట్యాంకరు తెచ్చిన అలీ సాహెబ్ లోపలికి తొంగిచూశాడు.

"లాగటమెందుకు? నీళ్ళు పోస్తే ఆయనే తేలొస్తాడు. ఈతొచ్చా అయ్యగారూ?"

"నలభై ఏళ్ళు కాలవలో నిలబడ్డోడికి ఈత రాదంట్రా? పొయ్యి! ఆ పిల్లనీ పిల్లోణ్ణీ ఇక్కడ కూర్చోబెట్టండి, మొదలుపెడతా."

పైపు లోపల పెట్టారు. సంపు మూతికి అటొకరూ ఇటొకరూ కూర్చున్నారు. భూమిలోంచి అయ్యగారి గొంతు గుడుంగుడుమని వచ్చింది.

"రవి కుమార్, ఈమెని భార్యగా స్వీకరిస్తావా?"

"స్వీకరిస్తా."

"గట్టిగా చెప్పరా, నీళ్ళ మోతకి ఇనపట్లా!"

ప్రిస్కిల్లా ప్రమాణానికి అయ్యగారి బట్టతల పైకి తేలింది. ఉంగరాలకి చేతులొచ్చాయి. ఆశీర్వాదమప్పుడు దంపతులు నేలకి వంగి తలలు పెడితే, తడి చేతులు వాటి మీద పెట్టారు. "ఆమెన్" అనగానే అందరూ చంకల కింద పట్టి ఆయన్ని బయటికి లాగేశారు.

"ఇంకా గృహప్రవేశమే కాలా, మా ఇంట్లో పెళ్ళైపోయింది!" అని లక్ష్మీనరసయ్య గారు అందరికంటే ముందు బిర్యానీకి నడిచారు.

ప్రమాణాలప్పుడు తీసిన ఫొటో ఇప్పుడు ప్రిస్కిల్లా వాళ్ళ హాల్లో ఉంది. పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు, మధ్యలో నేల మీద ఒక తలకాయ. వచ్చినవాళ్ళు అడుగుతారు, "ఏమే, మిగతా అయ్యగారేడీ?"

"లోపలున్నాడు," అంటుంది ప్రిస్కిల్లా, "వచ్చేదాకా ఆగుదామంటే బిర్యానీ ఆగలా."