మూడు వీశెలకు వదిలే రీలు

నా చిన్నప్పుడు, సరిగ్గా తొమ్మిదేళ్ళ నాలుగు నెలల వయసులో, నేనాడిన ఒక అబద్ధం మా మావయ్య కుడిచేతిని పనికిరాకుండా చేసింది.

అమ్మ పోయాక నన్ను పెంచింది ఆయనే. ముంచింగిపుట్టు అవతల, డ్యాం కట్టాక నీళ్ళు నిండిన లోయ ఒడ్డున మా ఊరు. మావయ్యకు ఒక్క మనిషే పట్టే దోనె ఉండేది, దుంగను తొలిచి చేసింది. అందులో కూర్చుని గేలంతో చేపలు పట్టి సంతలో అమ్మేవాడు. డ్యాం పని ముగించుకుని వెళ్ళిపోతూ ఒక ఇంజనీరు ఆయనకు సముద్రంలో వాడే ఇత్తడి రీలు, ఒక చుట్ట దారం ఇచ్చాడు.

అంత బరువైన రీలు మా కొండ వెదురుకు ఒక పట్టాన నప్పలేదు. మొదటి కర్ర విరిగింది, రెండోది వంగనే లేదు. మూడోదాన్ని పొయ్యి పైన పదకొండు రోజులు పొగలో ఆరబెట్టి, దానికి రీలు కట్టాడు. దారం ముక్కకు సంచీ వేలాడదీసి, అందులో ఒక్కొక్కటే వీశె రాళ్ళు నాచేత వేయించాడు. వీశె అంటే ఇప్పటి కిలోన్నరకు కాస్త తక్కువ. తొమ్మిదో రాయికి దారం తెగింది. అందులో మూడో వంతుకు, అంటే మూడు వీశెల లాగుడుకే, రీలు దారాన్ని వదలాలన్నాడు. చిన్న దోనెలో కూర్చున్నవాడికి పట్టు కంటే విడుపే ముఖ్యమని చెప్పాడు. రీలు పక్కనున్న మరను బిగిస్తే ఆ విడుపు తగ్గుతుంది. రోజూ తెల్లవారగానే కర్రను దూలానికి కట్టి, రాళ్ళు వేలాడదీసి చూసే పని నాకు అప్పగించాడు. నేను లెక్క తప్పనని ఆయన నమ్మకం.

ఒక బుధవారం పెద్ద బొచ్చె చేప ఒకటి దారం లాక్కుంటూ పోయి, మునిగిన చెట్ల మొదళ్ళలో తప్పించుకుంది. ఒడ్డున అందరూ నవ్వారు. ఇంటికొచ్చాక అత్త కూడా వదల్లేదు.

"సేపల్ని పడతన్నావా, దారం పెట్టి మేపుతన్నావా?" అంది.

మావయ్య కూడా నవ్వేశాడు. నాకు మాత్రం మండింది. శనివారం పొద్దున్న ఎవరూ చూడకుండా మరను రెండు చుట్లు బిగించాను. ఆ రోజు రాళ్ళు వేలాడదీయలేదు. దోనె ఎక్కబోతూ ఆయన అడిగాడు.

"తూసినావేటి గుంటా?"

"తూసినాను మావా. మూడు వీశెలే."

ఆయన ఇక మర వైపు చూడలేదు.

చేప పడింది. కర్ర కొస వంగి నీళ్ళను తాకింది గానీ రీలు తిరగలేదు. దోనె ఒక పక్కకు ఒరిగిపోతుంటే, రీలు వదలని దారాన్ని ఆయన చేత్తో లాగి వదలబోయాడు; అది వేళ్ళకు చుట్టుకుంది. దోనె బోర్లాపడింది. పక్క దోనెవాళ్ళు ఆయన్ని ఒడ్డుకు తెచ్చేసరికి చేప తెంచుకుపోయింది. వేళ్ళకు చుట్టుకున్న దారం వెంట కర్ర, రీలు వచ్చాయి. రెండు వేళ్ళు ఎముక దాకా తెగి ఉన్నాయి. గాయం మానడానికి నలభై మూడు రోజులు పట్టింది. ఆ వేళ్ళు మళ్ళీ మడతపడలేదు. తెడ్డు పట్టలేనప్పుడు దోనె ఎందుకని అమ్మేశాడు. బతికినన్నాళ్ళూ ఒకరి పశువులు కాశాడు.

మరను అంతగా ఎవరు బిగించారని అత్త నిలదీసింది. నేను పొయ్యి దగ్గరే ఉన్నాను.

"నానే బిగించీసినాను. ఆశెక్కువైపోనాది," అన్నాడాయన, నా వైపు చూడకుండా.

కట్టు విప్పిన మర్నాడు, అత్త సంతకు వెళ్ళాక, కర్రను నాచేతే దూలానికి కట్టించి, సంచీ, రాళ్ళు ముందు పెట్టి తూచమన్నాడు. నాలుగు, ఐదు, ఆరు. రీలు కదల్లేదు. ఏడో రాయి చేతిలో పట్టుకుని నేను ఏడుస్తుంటే ఆయన నెమ్మదిగా అన్నాడు.

"తూయకుండా తూసినానని సెప్పకు గుంటా. నువ్వు సెప్తే నాను నమ్మేత్తాను."

ఆ మర్నాటి నుంచి ఇంట్లో బియ్యం, చోళ్ళు (రాగులు) కొలిచే పని నాకే ఇచ్చాడు.

పెద్దయ్యాక ముప్పై ఒక్క ఏళ్ళు ఆడపిల్లల హాస్టల్లో సరుకులు తూచాను. ఏదైనా రెండుసార్లు తూచాకే నోటితో అంకె చెప్పేదాన్ని. తోటివాళ్ళు చాదస్తమనేవారు. ఆయన మీద పడ్డ నిందను మాత్రం నేను తీయలేకపోయాను. 1996లో ఆయన పోయినప్పుడు, ఏడుస్తూ కూడా అత్త, ఆశపడి చెయ్యి పోగొట్టుకున్నాడనే అంది. 2003లో, తాను పోవడానికి పన్నెండు రోజుల ముందు మళ్ళీ అదే మాట అంది. అప్పటికి నాకు యాభై ఐదేళ్ళు. మంచం పక్కన కూర్చుని ఆమెకు గంజి పడుతున్నాను. ఇంట్లో మరెవరూ లేరు. నేను గంజి పడుతూనే ఉన్నాను.